కనురెప్పలకూ తలంటు

"శుక్లానికి ఆపరేషన్ చేయమని తీసుకొస్తే, ముందు రెప్పలు తోముకుని రమ్మంటారేమిటండీ?"

ఆ అబ్బాయి కోపంగానే అడిగాడు. తప్పు పట్టడానికి లేదు. తండ్రి రిటైరైన తెలుగు మాస్టారు. వయసు డెబ్భై దాటింది. కుడి కంట్లో శుక్లం బాగా ముదిరింది. కొడుక్కి బెంగళూరులో ఉద్యోగం. వారం రోజులు సెలవు పెట్టుకుని వచ్చి, ఆపరేషన్ చేయించి, నాన్నని ఊళ్లో దింపి వెళ్దామని లెక్కలు వేసుకున్నాడు. నేనేమో పరీక్ష చేసి "నెల రోజులు ఆగుదాం" అన్నాను. కోపం రాదూ మరి!

ఆగమనడానికి కారణం మాస్టారి కనురెప్పలు. అంచులు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. వెంట్రుకల మొదళ్లలో చుండ్రులాంటి పొట్టు. రెప్పను కాస్త నొక్కితే అంచు నుంచి టూత్‌పేస్టులాగా చిక్కటి తెల్లటి పదార్థం బయటికొచ్చింది. "ఎన్నాళ్లుగా ఉంది మాస్టారూ?" అని అడిగాను. "ఏళ్లబట్టీ ఉన్నదేనండీ. పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుపోతాయి. వేణ్నీళ్లతో తుడుచుకుంటాను. మరీ ఎక్కువైతే మందుల షాపులో చుక్కల మందు తెచ్చుకుంటాను. రెండు రోజుల్లో తగ్గుతుంది. మళ్లీ మామూలే" అన్నారాయన.

ఈ మాటలు మీలో చాలామందికి మీ ఇంటి మాటల్లాగే అనిపించి ఉంటాయి. కంట్లో నలక పడ్డట్టు గరగర, మంట, దురద, పొద్దున్నే పుసులు, ఏడాదిలో రెండు మూడుసార్లు కంటి కురుపు. వీటికి మనం పెట్టుకునే పేరు "వేడి చేసింది". డాక్టర్లు పెట్టిన పేరు బ్లెఫరైటిస్. అంటే కనురెప్పల అంచుల వాపు. చూపు పోగొట్టే జబ్బు కాదు గానీ, నిర్లక్ష్యం చేస్తే కంటికి నిత్యం చిరాకు పెడుతూనే ఉంటుంది. పైగా రెప్పల అంచుల్లో సూక్ష్మక్రిములు పేరుకుని ఉన్నప్పుడు శుక్లం ఆపరేషన్ చేస్తే అవి కంటి లోపలికి చేరే ప్రమాదం ఉంటుంది. ఆపరేషన్ తర్వాత కంటి లోపల చీము పట్టడం అరుదే. కానీ పడితే చూపే పోవచ్చు. అలాంటి కేసుల్లో క్రిములు చాలావరకు రోగి సొంత రెప్పల నుంచీ, కంటి పై పొర నుంచీ వచ్చినవే. అందుకే నెల రోజులు ఆగమన్నది.

ఇదంతా ఆ అబ్బాయికి విడమరిచి చెప్పాను. ఒప్పుకున్నాడు. రెప్పలు తుడుచుకోవడానికి టీ ట్రీ ఆయిల్ కలిసిన వైప్స్ రాసిచ్చాను. అక్కడే నేనొక పొరపాటు చేశాను.

మూడో రోజు పొద్దున్నే ఇద్దరూ మళ్లీ వచ్చారు. మాస్టారి కన్ను చింతనిప్పులా ఉంది. నీళ్లు ధారగా కారుతున్నాయి. ఏం జరిగిందంటే, వైప్స్ ఆ షాపులో దొరకలేదు. "టీ ట్రీ ఆయిల్ కదా డాక్టరుగారు చెప్పింది" అనుకుని ఆ అబ్బాయి సౌందర్య సాధనాలు అమ్మే దుకాణంలో చిన్న సీసా కొన్నాడు. అందులో ఉన్నది అచ్చమైన నూనె. ఇయర్ బడ్‌ని దాంట్లో ముంచి నాన్న రెప్పలకు శుభ్రంగా పట్టించాడు. రెప్ప ఆర్పగానే అది కాస్తా కంట్లోకి దిగింది. నల్లగుడ్డు మీది పలచని పొర అక్కడక్కడా లేచిపోయింది. సెలైన్‌తో చాలాసేపు కడిగి, మందు వేసి పంపించాను. అదృష్టం బాగుండి అయిదు రోజుల్లో మానింది.

ఆ కొడుకు తప్పేమీ లేదు. నూనె పేరు చెప్పిన నేను, నూనె వేరు, నూనె కలిపి తయారుచేసిన శుభ్రపరిచే మందు వేరు అని చెప్పలేదు. ఈ వారం ఆ సంగతే చెప్పుకుందాం.

రెప్ప అంచున ఏముంది?

కనురెప్ప అంచుని అద్దంలో దగ్గరగా చూస్తే వెంట్రుకల వరస వెనకాల సూదిమొనంత రంధ్రాలు వరసగా కనిపిస్తాయి. అవి నూనె గ్రంథుల నోళ్లు. పై రెప్పలో 25 నుంచి 40 దాకా, కింది రెప్పలో 20 నుంచి 30 దాకా ఉంటాయి. జర్మన్ వైద్యుడు హైన్రిచ్ మైబోమ్ 1666లో వీటిని వివరంగా వర్ణించాడు. అందుకే వీటికి మైబోమియన్ గ్రంథులని పేరు.

మనం రెప్ప ఆర్పినప్పుడల్లా ఈ గ్రంథుల నుంచి ఇసుమంత నూనె కన్నీటి మీదికి వచ్చి పరుచుకుంటుంది. చారు మీద పోపు నూనె తేలినట్టన్న మాట. ఈ నూనె పొర ఉండబట్టే కన్నీరు త్వరగా ఆవిరైపోదు. గ్రంథుల నోళ్లు మూసుకుపోయినా, లోపలి నూనె చిక్కబడినా ఈ పొర చెదిరిపోతుంది. అప్పుడు కన్ను పొడిబారుతుంది. పొడిబారితే మండుతుంది. మండితే నీళ్లు కారతాయి. "నీళ్లు కారుతుంటే కన్ను పొడిగా ఉందంటారేమిటి?" అని చాలామంది ఆశ్చర్యపోతారు. జరిగేది మాత్రం అదే.

రెప్పల వాపులో స్థూలంగా రెండు రకాలున్నాయి. వెంట్రుకల మొదళ్ల దగ్గర వచ్చేది ఒకటి. దీనికి బాక్టీరియా, తలలో చుండ్రు, కంటికి కనిపించని ఒక పురుగు కారణమవుతాయి. రెండోది, వెనక వరసలోని నూనె గ్రంథులు పూడుకుపోవడం వల్ల వచ్చేది. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. ముఖం మీద ఎర్రదనంతో వచ్చే రొజేసియా అనే చర్మవ్యాధి ఉన్నవాళ్లలోనూ, గంటలకొద్దీ రెప్ప వేయకుండా కంప్యూటరు, ఫోను చూసేవాళ్లలోనూ ఈ బాధ ఎక్కువ.

వెంట్రుక మొదట్లో కాపురం

ఆ పురుగు పేరు డెమొడెక్స్. జర్మనీ శాస్త్రవేత్తలు 1841-42 ప్రాంతంలోనే దీన్ని గుర్తించారు. ఎనిమిది కాళ్లుంటాయి. పొడవు మిల్లీమీటరులో మూడో వంతు. మనిషి చర్మం మీద బతికే డెమొడెక్స్ రెండు రకాలు. ఒకటి వెంట్రుక మొదట్లో కాపురముంటుంది. కాస్త పొట్టిగా ఉండే రెండోది నూనె గ్రంథుల్లోకి దూరి కూర్చుంటుంది. రాత్రిపూట చర్మం మీదికొచ్చి తిరుగుతాయి. పెద్దవయసు వాళ్లలో దాదాపు అందరి చర్మం మీదా ఉంటాయి.

చదువుతుంటేనే ఒళ్లు జలదరిస్తోందా? కంగారు పడొద్దు. ఇవి ఉన్నంత మాత్రాన జబ్బున్నట్టు కాదు. మీరు అశుభ్రంగా ఉంటున్నారనీ కాదు. వాటి సంఖ్య మితిమీరినప్పుడే ఇబ్బంది. అప్పుడు వెంట్రుక మొదలు చుట్టూ గొట్టం తొడిగినట్టుగా, పారదర్శకంగా పొట్టు పేరుకుంటుంది. ఈ గుర్తు కనిపిస్తే కంటి డాక్టరుకు డెమొడెక్స్ అని ఇట్టే తెలిసిపోతుంది. రోగిని కిందికి చూడమని చెప్పి, పై రెప్ప వెంట్రుకలను స్లిట్ ల్యాంప్‌లో పరిశీలిస్తే చాలు. మామూలు చుండ్రు వల్ల వచ్చే పొట్టయితే జిడ్డుగా, వెంట్రుకల మీద అక్కడక్కడా అతుక్కుని ఉంటుంది. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, టీ ట్రీ ఆయిల్ ప్రధానంగా పనికొచ్చేది ఈ పురుగు మీద. రెప్పలు ఎర్రబడ్డ ప్రతివాళ్లకూ అది అక్కర్లేదు.

ఆస్ట్రేలియా చెట్టు

పేరులో టీ ఉంది గానీ ఈ చెట్టుకీ మనం తాగే తేయాకుకీ ఏ సంబంధమూ లేదు. ఇది మన నేరేడు, జామ, నీలగిరి చెట్ల కుటుంబానికి చెందింది. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో, న్యూ సౌత్ వేల్స్ ఉత్తర ప్రాంతంలోని చిత్తడి నేలల్లో పెరుగుతుంది. అక్కడి ఆదివాసులైన బుండ్జలుంగ్ ప్రజలు దీని ఆకులను నలిపి దగ్గుకూ, పుండ్లకూ వాడేవారు. సిడ్నీలో మ్యూజియం రసాయన శాస్త్రవేత్తగా పనిచేసిన ఆర్థర్ పెన్‌ఫోల్డ్ 1920ల్లో ఈ ఆకుల నూనెకు క్రిములను చంపే గుణముందని ప్రకటించాడు. ఆ తర్వాత అది ప్రపంచమంతటా సబ్బుల్లోకీ, షాంపూల్లోకీ, మొటిమల క్రీముల్లోకీ వచ్చింది.

కనురెప్పల దాకా వచ్చింది మాత్రం 2005లో. అమెరికాలోని మయామీ వైద్యులు ఆ ఏడాది బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఆఫ్తాల్మాలజీలో ఒక పరిశోధన ప్రచురించారు. డెమొడెక్స్ పురుగులను రకరకాల ద్రవాల్లో వేసి ఎంతసేపు బతుకుతాయో చూశారు. సగానికి సగం నీళ్లు కలిపిన బేబీ షాంపూలోనూ, ఆస్పత్రుల్లో వాడే పొవిడోన్ అయోడిన్‌లోనూ అవి 150 నిమిషాలు దాటినా చావలేదు. టీ ట్రీ ఆయిల్‌లో పావుగంటలోపే చచ్చాయి. తర్వాత రోగుల మీద చూశారు. బేబీ షాంపూతో రోజూ రెప్పలు కడుక్కున్న ఏడుగురిలో ఒక్కరికీ పురుగులు పూర్తిగా పోలేదు. టీ ట్రీ ఆయిల్‌తో శుభ్రం చేసిన 9 మందిలో 7 మందికి నాలుగు వారాల్లో పోయాయి.

దాంతో ఈ నూనెకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. కొన్నేళ్ల తర్వాత అదే బృందం ఈ నూనెలోని పదార్థాలన్నిటినీ విడివిడిగా పరీక్షించి, పురుగును చంపడంలో అన్నిటికన్నా ముందున్నది టెర్పినెన్-4-ఓల్ అని 2013లో తేల్చింది. ఇప్పుడు దొరికే కొన్ని వైప్స్‌లో నూనె మొత్తం కాకుండా ఈ ఒక్క పదార్థాన్నే తీసి కలుపుతున్నారు.

రెండో వైపు కూడా చూడాలి కదా. ప్రపంచవ్యాప్తంగా వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2020లో దీని మీద ఒక సమీక్ష వెలువరించింది. 562 మంది పాల్గొన్న 6 అధ్యయనాలను పరిశీలించి, స్వల్పకాలంలో ఈ నూనె ఎంత మేలు చేస్తుందో గట్టిగా చెప్పడానికి ఆధారాలు చాలవంది. వాడేటట్టయితే తక్కువ గాఢతలో వాడటమే మంచిదని కూడా చెప్పింది. టెర్పినెన్-4-ఓల్ తగిలితే నూనె గ్రంథుల కణాలకు హాని జరుగుతోందని అదే ఏడాది ప్రయోగశాల పరిశోధన ఒకటి హెచ్చరించింది. ప్రయోగశాలలో కణాలకు జరిగిందంతా మన రెప్పలకూ జరుగుతుందని కాదు. కానీ సబ్బులాగా ఏళ్లతరబడి వాడుకోవాల్సిన వస్తువు కాదని మాత్రం అర్థం చేసుకోవాలి. డాక్టరు చెప్పిన అయిదారు వారాలు వాడి, మళ్లీ చూపించుకోవాలి.

డెమొడెక్స్ కోసమే తయారుచేసిన లోటిలానర్ అనే చుక్కల మందుకు అమెరికాలో 2023 జులైలో ఆమోదం లభించింది. దాన్ని రోజుకు రెండుసార్లు చొప్పున ఆరు వారాలు వేసుకోవాలి.

నూనె ఒక్కటే తలంటు కాదు

మన చిన్నప్పుడు ఆదివారం తలంటు గుర్తుందా? అమ్మ ముందు నూనె పెట్టి మర్దనా చేసేది. ఆ తర్వాత కుంకుడు పులుసుతో రుద్ది రుద్ది కడిగేది. నూనె జిడ్డునీ మట్టినీ వదులు చేస్తే, కుంకుడు నురగ ఆ నూనెతో సహా అంతటినీ పట్టుకుపోయేది. నూనె పెట్టి వదిలేస్తే అది తలంటు కాదు. ఆ పులుసు కళ్లలో పడితే ఎంత మంటో మనందరికీ తెలుసు. నోట్లో ఉప్పుకల్లు వేసి ఊరుకోబెట్టేవాళ్లు.

రెప్పల కోసం తయారుచేసే వైప్స్‌లోనూ, నురగ మందుల్లోనూ జరిగేది ఇదే. వాటిలో మొక్కల నూనె చాలా కొద్దిగా ఉంటుంది. దాన్ని నీళ్లలో కలిసేలా చేసే మెత్తటి సబ్బు పదార్థం ఉంటుంది. కంటికి మంట పుట్టకుండా ఆమ్లగుణం సరిచూస్తారు. నూనె పొట్టునీ చిక్కబడ్డ జిడ్డునీ కరిగిస్తే, సబ్బు దాన్ని వదిలించి తెస్తుంది. మాస్టారి రెప్పలకు అంటిన అచ్చమైన నూనెలో ఈ రెండో భాగం లేదు. మొదటి భాగం కూడా మోతాదు మించి ఉంది.

మరి ఆ మయామీ వైద్యులు సగం నూనె, సగం మరో ద్రవం కలిపి రెప్పలకు వాడారు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. అది క్లినిక్‌లో, డాక్టరే స్వయంగా చేసిన పని. ఇంట్లో చేసుకోవాల్సింది కాదు. కొందరు అచ్చమైన నూనె తెచ్చుకుని కొబ్బరినూనెలో కలుపుకొంటారు. ఎన్ని చుక్కలకు ఎంత కలిపారో, ఆ సీసాలో అసలు ఎంత గాఢత ఉందో ఎవరికీ తెలియదు. పైగా ఈ నూనె గాలి తగిలి పాతబడితే ఎలర్జీ తెచ్చే గుణం పెరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఇది కడుపులోకి పోతే విషం. పసిపిల్లలు పొరపాటున మింగితే మగతలోకి జారుకుంటారు. స్పృహ కూడా తప్పవచ్చు. ఇంట్లో సీసా ఉంటే అలమారలో పై అరలో పెట్టి తాళం వేయండి.

మన ఆముదం మాటేమిటి?

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఆముదపు దీపం మీద పట్టిన మసిని ఆముదంలోనే రంగరించి కాటుక చేసుకున్న వాళ్లం. "కళ్లకు చలవ" అని రెప్పలకు ఆముదం రాసుకోని ఇల్లు ఒకప్పుడు ఉండేది కాదు.

ఇందులో కొంత నిజముంది. జపాన్ వైద్యులు 2 శాతం ఆముదాన్ని నీటిలో బాగా కలిసిపోయేలా చేసిన చుక్కల మందు వాడి, పూడుకుపోయిన నూనె గ్రంథుల బాధ తగ్గిందని 2002లో ప్రకటించారు. న్యూజిలాండ్‌లో రెప్పల వాపున్న 26 మందికి నాలుగు వారాలపాటు ఒక కంటి రెప్పలకు మాత్రమే ఆముదం రాయించి, రెండో కంటితో పోల్చి చూశారు. రాసిన వైపు ఎరుపూ, పొట్టూ తగ్గాయని, బాధ కూడా తగ్గిందని ఆ పరిశోధన 2021లో వెలువడింది. పొడి కళ్లకు వాడే కొన్ని చుక్కల మందుల్లోనూ ఆముదం ఉంటుంది.

అయితే అక్కడ వాడింది శుద్ధి చేసిన ఆముదం. రాసింది మూసిన రెప్పల మీద. మన ఇంట్లో వండి తీసిన వంటాముదమో, కొట్లో విడిగా పోయించుకున్న ఆముదమో క్రిమిరహితమని ఎవరూ చెప్పలేరు. దాన్ని కంట్లో చుక్కలు చుక్కలుగా పోయొద్దు. పిల్లల కళ్లలో అసలే వద్దు. కాటుక సంగతి కూడా చెప్పాలి. వెంట్రుకల లోపలి వైపున, సరిగ్గా ఆ నూనె గ్రంథుల నోళ్ల మీదే మనం కాటుక దిద్దుతాం. రెప్పల బాధ ఉన్నంతకాలం దాన్ని మానేయాలి. తగ్గాక పెట్టుకున్నా వెంట్రుకల బయటి వైపునే పెట్టుకుని, రాత్రి పడుకోబోయే ముందు తుడిచేయాలి.

ఇలా చేయండి

ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కాంటాక్ట్ లెన్సులుంటే తీసేయాలి.

తర్వాత కాపడం. శుభ్రమైన చేతిరుమాలుని ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ముంచి పిండి, మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకుని, మూసిన రెప్పల మీద అయిదు నుంచి పది నిమిషాలు పెట్టుకోవాలి. చల్లారినప్పుడల్లా మళ్లీ ముంచాలి. చలికాలంలో పేరుకున్న నెయ్యిగిన్నెను పొయ్యి పక్కన పెడితే కరిగినట్టే, గ్రంథుల్లో గడ్డకట్టిన నూనె ఈ వేడికి కరుగుతుంది. కంటి కురుపు లేస్తే మన అమ్మమ్మలు వేలిని అరచేతిలో గబగబా రుద్ది దానిమీద ఆనించేవారు. వాళ్ల ఆలోచన సరైనదే. కాకపోతే ఆ వేడి చాలదు. అలాగని ఉడకబెట్టిన గుడ్డు, వేడన్నం మూట పెట్టొద్దు. రెప్పల చర్మం మహా పలచన. ఇట్టే కాలిపోతుంది.

మూడోది మర్దనా. కళ్లు మూసుకుని పై రెప్పను పైనుంచి కిందికి, కింది రెప్పను కిందనుంచి పైకి, వేలితో మెల్లగా అంచు దాకా నిమరాలి. కరిగిన నూనె బయటికొస్తుంది.

ఆఖరిది శుభ్రం చేయడం. కన్ను మూసుకుని, వైప్‌తో వెంట్రుకల మొదళ్ల వెంబడి అటూ ఇటూ పది పదిహేనుసార్లు మృదువుగా తుడవాలి. ఒక కంటికి వాడింది రెండో కంటికి వాడొద్దు. కడిగేసుకోవాలో అక్కర్లేదో డబ్బా మీద రాసి ఉంటుంది. ఆ ప్రకారం చేయాలి. టీ ట్రీ ఉన్నదైతే పుదీనా తగిలినట్టు కాసేపు చురచురలాడుతుంది. మంట ఆగకపోయినా, రెప్పలు ఉబ్బినా వెంటనే నీళ్లతో కడిగేసి, వాడటం మానేయాలి.

మొదట్లో రోజుకు రెండు పూటలా చేయాలి. తగ్గాక ఒక్క పూట చాలు. డెమొడెక్స్ గుడ్డు నుంచి పెద్దయి చచ్చేదాకా రెండు మూడు వారాలు పడుతుంది. ఇవాళ పెద్ద పురుగులు పోయినా గుడ్లు మిగిలి ఉంటాయి. అందుకే నాలుగు రోజులకే బాగుందని మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఆ రోజుల్లో దిండు గలీబులు, తువ్వాళ్లు వేడినీళ్లలో ఉతకాలి. తలలో చుండ్రు ఉంటే దానికీ మందు వాడాలి. తలను వదిలేసి రెప్పలు ఎంత తోమినా ప్రయోజనం లేదు.

వైప్స్ ఖరీదని వెనకాడేవాళ్లు నిరాశపడక్కర్లేదు. డెమొడెక్స్ లేని మామూలు వాపుకి, కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్లు చిన్న కప్పుతో తీసుకుని, మూడు నాలుగు చుక్కల బేబీ షాంపూ కలిపి, అందులో తడిపిన దూదితో తుడుచుకున్నా సరిపోతుంది. డాక్టర్లు దశాబ్దాలుగా చెబుతున్న పద్ధతే ఇది. నూటికి తొంభై పాళ్లు పనిచేసేది మీరు కొన్న వస్తువు కాదు, మీరు రోజూ చేసే పని.

ఆ చుక్కల మందు వద్దు

మాస్టారు షాపులో తెచ్చుకునే మందు సీసా చూశాను. అందులో యాంటీబయాటిక్‌తో పాటు స్టిరాయిడ్ ఉంది. రెండు రోజుల్లో ఎరుపు తగ్గిపోయేది ఆ స్టిరాయిడ్ వల్లే. డాక్టరు చెప్పకుండా నెలలూ ఏళ్లూ దాన్ని వేసుకుంటే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చు. శుక్లం తొందరగా ముదరవచ్చు. ఆయన శుక్లంలో వయసు వాటా ఎంతో, ఆ సీసా వాటా ఎంతో చెప్పలేను. కంట్లో ఒత్తిడి మాత్రం అదృష్టవశాత్తూ మామూలుగానే ఉంది. అవసరమైనప్పుడు యాంటీబయాటిక్ ఆయింట్‌మెంటో, కొన్ని వారాల మాత్రలో, కొద్దిరోజులు స్టిరాయిడో మేమూ రాస్తాం. కానీ ఒత్తిడి చూసుకుంటూ రాస్తాం. ఎప్పుడు ఆపాలో కూడా చెబుతాం.

ఇక ఒకటి జాగ్రత్తగా వినండి. రెప్పల వాపు సాధారణంగా రెండు కళ్లకూ ఉంటుంది. పెద్దవయసు వాళ్లలో ఒక్క రెప్పకే నెలల తరబడి ఎరుపు, వాపు ఉండి ఎన్ని మందులకూ తగ్గకపోతే, అక్కడ వెంట్రుకలు రాలిపోతుంటే, లేదా తీసేసిన గడ్డ అదే చోట మళ్లీ లేస్తుంటే ఆలస్యం చేయొద్దు. నూనె గ్రంథుల్లో పుట్టే క్యాన్సర్ అచ్చం ఇలాగే, మామూలు రెప్పల వాపులా కనిపిస్తూ మోసం చేస్తుంది. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దేశంలో రెప్ప క్యాన్సర్లలో దీని వాటా ఎక్కువ. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే తేలిపోతుంది. అలాగే చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా, కంట్లో గట్టిగా నొప్పి ఉన్నా రెప్పలు తుడుచుకుంటూ కూర్చోకుండా వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మాస్టారికి ఆపరేషన్ అయింది. నెల అనుకున్నది, కంటి గాయం మానడానికి పట్టిన రోజులు కూడా కలిసి ఆరు వారాలైంది. ఆ అబ్బాయి మళ్లీ సెలవు పెట్టుకుని రావలసి వచ్చింది. ఈసారి కోప్పడలేదు. "ఆ నూనె సీసా ఇంకా సగం ఉందండీ, ఏం చేయమంటారు?" అని అడిగాడు. ఇంట్లో చిన్నపిల్లలున్నారని తెలిసి, పారేయమన్నాను.

కట్టు విప్పిన మర్నాడు మాస్టారు గోడ మీది క్యాలెండరులో తిథి, వారం గట్టిగా చదివి వినిపించారు. రెప్పలు తుడుచుకోవడం మానొద్దని మరోసారి గుర్తుచేశాను.

"ఎందుకు మానుతానండీ? ఆ డబ్బా పళ్లపొడి పక్కనే పెట్టుకున్నాను" అన్నారాయన.